వంకర వేలి సాక్ష్యం

మేడ్చల్ కోర్టులో మా సీనియర్‌కు ఒక నియమం ఉండేది: దెబ్బలు తిన్నవాడు రక్తం కడుక్కోకుండా రావాలి. ఆయన పల్లెటూరి వకీలు. తొంభైల్లో నేను ఆయన జూనియర్‌ని; అంటే సంచి నాది, వాదన ఆయనది.

ఒక మిట్టమధ్యాహ్నం మా కక్షిదారైన ఒక ముసలి రైతును వెంటబెట్టుకుని శామీర్‌పేట దగ్గర అతని పొలానికి వెళ్ళాం. అందులో హద్దుకు రాతి కడీలు పాతుతున్న ప్లాట్ల వ్యాపారికి కోర్టు స్టే కాగితం చూపించాలి. సీనియర్ దాన్ని గొంతెత్తి ఇంగ్లీషులో చదివారు. రెండో పేజీకి వచ్చేసరికి వ్యాపారి పార కట్టెతో ఆయన నెత్తి చిట్లగొట్టాడు. మొదటి పేజీ దాకా ఆగాడంటే మర్యాదస్తుడే. అడ్డమొచ్చిన రైతును అదే కట్టెతో మూడుసార్లు కొట్టాడు. మూడోదానికి చప్పుడు మారింది. తర్వాత నన్ను పడేసి, రొమ్ము మీద కూర్చుని, కుడి చూపుడువేలు వెనక్కి విరిచాడు.

ఆటోలో రైతు తల నా ఒళ్ళో ఉంది. తుడవబోతే సీనియర్ నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన రక్తం ఆయన కళ్ళలోకే కారుతోంది.

"తుడవకు తమ్మీ. సాక్ష్యమది."

దవాఖాన రాకముందే రైతు పోయాడు. సాక్ష్యం మాత్రం భద్రంగా ఉంది.

తలకు కట్టుతో దిగిన ఫొటో గోడగోడకూ అంటించి, తర్వాతి ఎన్నికల్లో సీనియర్ ఎమ్మెల్యే అయ్యారు. నా వేలికి ఒక్క ఓటూ రాలేదు, వంకరగా అతుక్కుంది. హత్య కేసు విచారణకు వచ్చేనాటికి, బెయిల్ మీదున్న వ్యాపారి ఆయన పార్టీలోనే చేరాడు. ఒకే పూలదండలో ఇరుక్కున్న ఆ ఇద్దరి ఫొటో దూలపల్లి దాకా వెలిసింది.

నా వంతు సాక్ష్యానికి ముందురోజు సీనియర్ ఇంటికి పిలిపించారు.

"మొఖం సరిగ్గ జూడలే అని జెప్పు తమ్మీ. నేను గూడ గదే జెప్పిన."

"నా రొమ్ము మీద కూసున్నడు సార్. ఇంక వేరే ఏం జూస్త?"

ఆయన తలుపు వైపు చూశారు. పక్కగదిలోంచి వ్యాపారి వచ్చి, నా చేతులు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే ఆప్యాయంగా నిమిరాడు.

"తొమ్మిది మంచిగనే ఉన్నయ్ గద వకీల్ సాబ్."

మర్నాడు కోర్టులో రైతు భార్య వెనక బల్ల మీద కూర్చుంది. ఆ స్టే కాగితాన్ని నమ్మి, మొగుణ్ణి మా వెంట పంపింది ఆమే. నేను బోనెక్కాను. కొట్టినవాణ్ణి చూపించమన్నారు సర్కారు వకీలు. చూపుడువేలు ఎత్తాను. అది పక్కకు తిరిగి కోర్టు బంట్రోతును చూపించింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కలిసిపోయి, గుర్తులేదని చెప్పి ఇంటికి పోవచ్చు. తొమ్మిది వేళ్ళూ అదే సలహా ఇచ్చాయి.

దగ్గరికి వెళ్ళి ముట్టుకుని చూపించమన్నారు జడ్జి. దిగివెళ్ళి వ్యాపారి భుజం మీద అరచెయ్యి మొత్తం ఆనించాను.

"ఈయనే."

నా చెమటకు అతని చొక్కా తడిసింది. వెనక ముసలామె లేచి నిలబడింది. చెయ్యి తీయమని జడ్జి నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.