వానల్లో వచ్చిన దగ్గు

మా అమ్మాయి పుట్టిన ఏడు నేను చలికాలానికి ముందే సిద్ధపడ్డాను. ఉన్ని టోపీలు, మేజోళ్లు, స్వెటరు కొని బీరువాలో సర్ది పెట్టాను. జలుబంటే డిసెంబరులోనే వస్తుందని నా ధీమా. పైగా ఉంగుటూరు బడిలో సైన్సు టీచర్ని.

శ్రావణంలో ముసురు పట్టింది. పెదపాడు వైపు పొలాలూ చేపల చెరువులూ ఏకమయ్యాయి. క్లాసులో సగం మంది దగ్గుతున్నారు. వానలో ఎందుకు తడిశారని వాళ్లను కసిరి, వాళ్ల నోటుపుస్తకాలు దిద్ది, బస్సులో ఏలూరు వచ్చి, చేతులైనా కడుక్కోకుండా మూడు నెలల పాపను ఎత్తుకునేదాన్ని.

పాపకు ముక్కు దిబ్బడ వేసింది. అత్తయ్యగారు నీళ్లు పోసి, కిటికీలు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టారు. "జలుబు లాగేస్తుందమ్మా" అన్నారు. మర్నాడు దగ్గు మొదలైంది. ఇంకాస్త ఎక్కువ వెయ్యమన్నది నేనే.

ఆ పొగలో ఏడుపు ఆగింది. నిద్రపోయిందని సంబరపడ్డాను. ఎత్తుకుంటే మెడ వాల్చేసింది. గౌను తీసి చూశాను. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోంది. ఆసుపత్రికి వెళ్లే ఆటోలో దాని పొట్ట మీద నుంచి చెయ్యి తీయలేకపోయాను, తీస్తే ఆగిపోతుందేమోనని.

డాక్టరమ్మ ఆక్సిజన్ పెడుతూ, "పొగ పట్టారా అండీ?" అని అడిగారు. అత్తయ్యగారు తల దించుకున్నారు.

"నేనే వెయ్యమన్నానండి" అన్నాను.

"ఈ వైరస్ చలికాలం దాకా ఆగదండీ. మన వైపు వానల్లోనే ఎక్కువ. పెద్దవాళ్లకి ఉత్త జలుబే, పసివాళ్లకి ఊపిరాడదు. దానికి తోడు పొగొకటి."

నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో గడియారం చూసి లెక్కపెట్టడం ఆవిడే నేర్పారు. నాలుగు రోజులు అదే పని. లెక్క తప్పితే భయం, తప్పకపోయినా భయం.

పాప బతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు రోజూ సబ్బు అరగదీస్తున్నాను. సాంబ్రాణి ఇంట్లోకి రానివ్వను. పాపకిప్పుడు నాలుగేళ్లు, గట్టిగానే ఉంది. అయినా మబ్బు పట్టిందంటే నా చూపు గడియారం మీదికి పోతుంది.

మొన్న తొలి వాన మొదలవగానే బొమ్మలు వదిలేసి వచ్చి, నేను పిలవకుండానే గౌను పైకెత్తి నా ముందు నిలబడింది.

"లెక్కెట్టేసుకోమ్మా. మళ్లీ ఆడుకోవాలి."