మా కేసు బతికించిన పెదనాయన

పక్కచేను పెదనాయన పోయాడని నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయాడట. సంగతంతా చెప్పి, "ఇగ నాతోని కొట్లాడేటోడు లేడు బిడ్డా" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఆయన మాకు చుట్టం కాదు. జూలూరుపాడు దగ్గర మా చేనుకు ఆనుకుని ఆయన చేను ఉంది. మా బండి బాట ఆయన గట్టు వెంబడే పోయేది. ఒక ఎండాకాలం ఆయన చేను కొలిపించుకుని, ఆ బాట తన పట్టాలోదేనని రాళ్లు పాతి ముళ్లకంచె వేశాడు. మాకు వేరే దారి లేదు. మిరపకాయ బస్తాలు నెత్తిన పెట్టుకుని వాగు దాటించాల్సి వచ్చింది. నాన్న కోర్టుకెక్కాడు.

కేసుల్లో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వీళ్లిద్దరూ మాత్రం ప్రతి వాయిదాకూ ఒకే బస్సులో కొత్తగూడెం పోయేవాళ్లు. ముందు ఎక్కినాయన తువ్వాల వేసి రెండో ఆయనకు సీటు ఆపేవాడు. అమ్మ కట్టిన సద్దిలో మామిడికాయ తొక్కు ఉంటే పెదనాయన అడగకుండానే తన వాటా తీసుకునేవాడు. "గీ మాటలేవో ఇంటికాన్నే మాట్లాడుకోరాదు బావా?" అని అమ్మ అంటే, "నేను చెప్పేది నీ మొగనికి ఎక్కుతలేదు. జడ్జి సారన్న వింటడు" అనేవాడు.

నాన్న సాక్ష్యం చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. తారీఖు తప్పు విన్న నాన్న ఆ రోజు చేలో మిరపకాయలు కోయిస్తూ ఉండిపోయాడు. కోర్టులో పేరు పిలిస్తే పలికేవాళ్లు లేరు. "ఎనక బస్సుకు వస్తడు సార్, జర ఆగుండ్రి" అని వెనక నుంచి పెదనాయనే అన్నాడట. ఆయన వకీలు గుడ్లురిమి చూశాడట. కేసు కొట్టేశారు. సాయంత్రం పెదనాయన బస్సు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. వాకిట్లో నాన్న మిర్చి ఆరబోస్తున్నాడు. "ఏంది తమ్మీ, గిట్ల చేసినవ్? నీ కేసు కొట్టేసిండ్రు" అన్నాడు. చూసినవాళ్లెవరైనా ఓడింది ఆయనే అనుకుంటారు.

మళ్లీ కొత్త కేసు వేయడానికి వీల్లేదని మా వకీలు చెప్పాడు. కొట్టేసినదాన్నే తిరిగి తెరిపించుకోవాలి, లేదంటే బాట మీద ఆశ వదులుకోవడమే. నాన్నకు అన్నం సయించలేదు. పిటిషన్ వేస్తే వాపసు వచ్చింది, అఫిడవిట్‌లో ఒక పేజీ కింద నాన్న సంతకం లేదని. సంతకం పెట్టి వేస్తే కేసు నంబరు తప్పని వచ్చింది. అది దిద్దేసరికి గడువు దాటింది. ఆలస్యాన్ని మన్నించమంటూ ఇంకో పిటిషన్ జతచేయలేదని మళ్లీ వాపసు. అట్లా వాపసు వచ్చినప్పుడల్లా పెదనాయన మా అరుగు మీద కూర్చుని, "ఈసారేం తప్పు పట్టిండ్రు?" అని ఆరా తీసేవాడు. నంబరు తప్పిందని తెలిసినప్పుడైతే తన సమన్ల కాగితమే తెచ్చి ఇచ్చాడు. "మీ వకీలును దీన్ల చూసి రాయమను" అన్నాడు.

అన్నీ సరిచేశాక విచారణకు వచ్చింది. కాలేజీకి సెలవు కాబట్టి నేనూ వెళ్లాను. నాన్న టైఫాయిడ్‌తో మంచం పట్టాడని మా వకీలు అఫిడవిట్‌లో రాశాడు. మా వైపు వాయిదా తప్పినవాళ్లందరికీ టైఫాయిడే వచ్చేది. అదంతా అబద్ధమని అవతలి వకీలు కౌంటర్ తయారుచేసుకొస్తే, పెదనాయన దాని మీద సంతకం పెట్టనన్నాడు. జడ్జి గారు ఆయన్నే ముందుకు పిలిచి, వాదికి నిజంగా జ్వరం వచ్చిందా అని అడిగారు. నాన్న తల దించుకున్నాడు.

"జ్వరం సంగతి నేను చెప్ప సార్" అన్నాడు పెదనాయన. "వాయిదా ఎగ్గొట్టే మనిషైతే కాదు. ఆయన కేసు ఆయనకియ్యుండ్రి. ఆయన లేంది జూసి గెలిస్తే నాకేం మంచిగుంటది?"

జడ్జి గారు ఒక్క క్షణం ఆయన వైపు చూసి, నవ్వి, రాసుకున్నారు. కేసు మళ్లీ నిలబడింది.

తిరిగి వస్తుంటే బస్సులో నాన్న మెల్లగా, "జ్వరమొచ్చిందంటే అయిపోవు గదన్నా" అన్నాడు. "మిర్చి ఆరబోసుకుంట కూసున్నోనికి జ్వరమెట్ల పెట్టాలె? నీ అబద్ధం నీ కాగితంలనే ఉండనియ్" అన్నాడు పెదనాయన. బస్సులో అందరికంటే గట్టిగా నాన్నే నవ్వాడు. ఆ మనిషి మా ఎదుటిపక్షం కావడం మా అదృష్టమని నాకు ఆ రోజే అనిపించింది.

ఆ తర్వాత ఇద్దరూ తనివితీరా వాదించుకున్నారు. బాట పాతదేనని, మా బండిని పోనివ్వాలని తీర్పు వచ్చింది. అప్పీలుకు పోదామని ఆయన వకీలు అంటే, "చెప్పాల్సిందంత చెప్పిన. ఇన్నరు. ఇంకెందుకు?" అన్నాడట.

మర్నాడు గడ్డపార పట్టుకుని తనే వచ్చి రాళ్లు పెకిలించాడు. నాన్నను బండి కట్టుకు రమ్మన్నాడు. తీర్పులో రాసిన వెడల్పుకు బండి సరిగ్గా పట్టింది. పెదనాయన రెండు చేతులూ చాపి చూసి, "చొప్ప ఎత్తుకొస్తే తగుల్తది తమ్మీ, ఇంకో మూరెడు జరుపుదాం" అంటూ హద్దురాయిని తన చేలోకి జరిపి పాతాడు. ఆ తర్వాత కర్రతో ముళ్లకంపను పక్కకు నెట్టుకుంటూ, మా చేను దాకా ఎద్దుల ముందు నడిచాడు.