పేరు లేని రాయి

మా నాన్న సమాధిరాళ్ళు చెక్కేవాడు. ముప్పై ఏళ్ళపాటు మా పేటలో ఎవరు పోయినా వాళ్ళ పేరు ఆయన ఉలి కిందికే వచ్చేది. చదువురాని మా అమ్మ కూడా ఆ అక్షరాలు చూసి మురిసిపోయేది. ఆ పనితనం అన్నయ్యకు అచ్చంగా దిగింది. నాకు నోరు మాత్రం దిగింది.

నలభయ్యో ఏట అన్నయ్య అక్షరాలు చెక్కడం మానేశాడు. వీధి చివరి మసీదులో ఒక గురువుగారి పాఠాలు విని సలఫీ పద్ధతి పట్టాడు. సలఫ్ అంటే ముందు గడిచినవారట. ప్రవక్త సహచరులు, వాళ్ళ తర్వాతి తరం, ఆపై తరం ధర్మాన్ని ఎలా అర్థం చేసుకున్నారో అలాగే పాటించాలి. తర్వాత వచ్చి చేరినవి వదిలేయాలి. దేనికైనా ఆధారం అడగాలి. సమాధి మీద రాయవద్దని ప్రవక్త మాటగా హదీసులో ఉందట. అప్పటినుంచి వంటింటి గట్లకు బండలు కోస్తున్నాడు. నాన్న పల్లెత్తు మాట అనలేదు గానీ, ఆ వారమంతా సరిగా తినలేదు.

ఈ చలికాలం నాన్న పోయాడు. ఆయన పేరు కొడుకు చేత్తోనే చెక్కాలని అమ్మ పట్టు. అన్నయ్య కుదరదన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“అందరి పేర్లూ చెక్కిన మనిషి అన్నయ్యా. ఆయనకే పేరు లేకుండా పోవాలా?”

“నాకు మాత్రం చెక్కాలని ఉండదా?” అన్నాడు.

మూడు రోజులు మసీదుకూ ఇంటికీ తిరిగాడు. నాలుగో రోజు కాస్త తేటపడ్డ ముఖంతో వచ్చాడు. ప్రవక్త ఒక సహచరుడి సమాధి తల దగ్గర గుర్తుకోసం రాయి పెట్టారని ఆధారం దొరికిందట. ఉత్త రాయి, రాత ఉండకూడదు.

పనిచోట మూలనున్న రాయిని బయటికి దొర్లించాడు. నాన్న ఉలులు నూరుకున్న రాయి అది. నూరీ నూరీ దాని మీద వేలు దిగేంత గాడి పడింది. గాడి కూడా రాతేనేమో గురువుగారిని అడిగి రమ్మని వెటకారమాడాను. ఆ మహానుభావుడు నిజంగానే వెళ్ళి అడిగొచ్చాడు! కాదన్నారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బండికెక్కించే ముందు రాయిని వాకిట్లో దించాడు. అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. గాడిలో వేలు పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెల్లగా పోనిచ్చింది.

“నువ్వు పేరు చెక్కినా నాకు చదవడం రాదు కదరా,” అంది. “ఇది ఎవరిదో నాకు తెలుసు.”

నాన్నను మట్టిలో పెట్టిన రోజు కూడా కన్నీరు పెట్టని అన్నయ్య, అక్కడే చతికిలబడి అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు.