మూడు మూతల మందు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు పాపకు రెండేళ్లు. శంషాబాద్‌లో అద్దె ఇల్లు. నేను ఎయిర్‌పోర్ట్‌లో, మా ఆయన కాటేదాన్‌లో ఫ్యాక్టరీలో. పగలు పాపను పక్క వీధిలో ఒకావిడ చూసుకునేది. పిల్లలంతా ఆమెను ఖాలా అనేవాళ్లు, ఉర్దూలో పిన్ని అని, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఇంకో నలుగురు పిల్లలు కూడా ఆమె దగ్గరే ఉండేవాళ్లు. అదే ఆమె బతుకుతెరువు.

పాపకు మలబద్ధకం. నాలుగు రోజులకోసారి, అదీ ఏడ్చి ఏడ్చి. డాక్టర్ సిరప్ రాశారు. పడుకునే ముందు ఒక్క మూత. పనిచేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది, మొదట్లో గ్యాస్‌తో కడుపు ఉబ్బుతుంది, కంగారుపడొద్దు, నీళ్లు బాగా తాగించండి, విరేచనాలు పట్టుకుంటే మందు ఆపి ఫోన్ చేయండి అన్నారు. డిగ్రీ చదివినదాన్ని. అన్నీ చీటీ వెనక రాసుకున్నాను కూడా.

రెండో రోజు కడుపు డోలులా ఉబ్బింది. పొద్దున్నే అత్తయ్య ఫోన్. ఇంకా పోలేదా, ఏం తల్లివి నువ్వు అని. ఒళ్లు మండిపోయింది. ఉబ్బరం మందు వల్లేనని చీటీలో ఉంది. అయినా లోపల పట్టేసిందనుకున్నాను. ఖాలా దగ్గర దింపే ముందు ఒక మూత, సాయంత్రం తెచ్చుకోగానే ఒకటి, పడుకునే ముందు ఇంకొకటి. మర్నాడూ అంతే. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ మర్నాడు ఖాలా ఇంట్లో నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. సాయంత్రానికి పాప కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. మందు ఎంత ఇచ్చారని డాక్టర్ అడిగితే, మీరు చెప్పినంతే అన్నాను. ఖాలా ఏం పెట్టిందో ఏమో అన్నాడు మా ఆయన. నేను తల ఊపాను. అక్కడ నోటితో అనలేదు కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఏం తేడా?

పాప ఇంటికొచ్చిన రోజు, ఆ మాట చెవినపడి ఖాలా మా గుమ్మం ముందుకొచ్చింది. మెట్ల మీద పక్కింటావిడ నిలబడి వింటోంది.

"జర నా మొఖం చూసి చెప్పు బేటీ. నేనేం పెట్టిన? నువ్వు డబ్బాల పంపిన పెరుగన్నమే గద. మిగిలింది నేనే తిన్న. నాకేం కాలే."

"నీళ్లు ఎక్కడివి తాపినవో ఖాలా" అన్నాను.

"నువ్విచ్చిన సీసల నీళ్లే!"

"ఇగ చెప్పకు. గిట్లనే అయితదని నేను ఎన్నడో అన్న" అంది పక్కింటావిడ.

"పోనీ ఖాలా. పాప బతికింది, గంతే చాలు" అన్నాను.

విన్నారా? ఆమెను క్షమించినట్టు మాట్లాడాను! తప్పూ నాదే, పెద్దమనసూ నాదే. ఖాలా నా ముఖం వంక కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆమెకు తెలిసిపోయిందా?

వారంలో మిగతా నలుగురు తల్లులూ పిల్లల్ని మాన్పించేశారు. ఒక్కరంటే ఒక్కరు ఆమెను ఏం జరిగిందని అడగలేదు. ఒంటిగది ఇల్లు, తురకామె. ఇంక రుజువెందుకు వాళ్లకి? వాళ్లను తలుచుకుంటే పళ్లు కొరుక్కుంటాను. కానీ ఆ మాట వాళ్ల చేతికి అందించింది ఎవరు? ఖాలా ఇల్లు ఖాళీ చేసి షాద్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

మొన్న కింద వాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి, బిడ్డను చూసుకునే మనిషి కావాలంది. పక్కింటావిడ ఆ కథే ఎత్తుకుంది, పాసిపోయిన అన్నం పెట్టి పిల్లను చంపబోయిందని. నిజమేనా అక్కా అని ఆ అమ్మాయి నన్నడిగింది.

మళ్లీ తల ఊపాను.

అప్పుడు భయంతో ఊపాను. ఈసారి ఏ భయమూ లేదు. అలవాటుగా ఊపాను. నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఖాలా ఏమీ చేయలేదు. పాపకు మందు ఎక్కువ పోసింది నేను. ఇంత చిన్న మాట రాయడానికి ఆరేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.