తడి గోనెలు కప్పిన ఫైబరు పడవ

మాది కాకినాడ. తాత పడవలు కట్టాడు, నాన్న వాటికి మరమ్మతులు చేశాడు, నేను నాంపల్లి స్టేషను వెనక ఒక షెడ్డులో కుర్చీలు, బల్లలు చేసేవాణ్ణి. అయినా అక్కడ అందరూ నన్ను పడవ మేస్త్రి అనేవారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, ఆ పేరు నేనే చెప్పుకుని తెచ్చుకున్నాను.

డెబ్బైల చివర ఒక వేసవిలో, బషీర్‌బాగ్‌లో ఉండే రిటైరైన ఆఫీసరు ఒకాయన తన తెరచాప పడవను హుస్సేన్‌సాగర్ నుంచి లారీ మీద మా షెడ్డుకు తెచ్చాడు. పాత ఫైబరు పడవ. పై తట్టు, అంటే డెక్కు మీద కాలు పెడితే మెత్తగా దిగుతోంది. నేను చూసుకుంటానని మాటిచ్చాను. మా ఊళ్లో చెక్క పడవ ఎండి సందులు విడితే తడి గోనెలు కప్పి నీళ్లు పోస్తాం. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. అదే చేశాను. నాలుగు రోజులు పోశాను. ఐదో రోజు కాలు ఇంకాస్త దిగింది.

షెడ్డు యజమాని ఆబిడ్స్‌లో కార్ల మడ్‌గార్డులకు ఫైబరు అతుకులు వేసే అతన్ని పిలిపించాడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. సముద్రం చూడలేదు, ఈత రాదు. వచ్చీ రాగానే స్క్రూడ్రైవరు తిరగేసి, పుచ్చకాయ కొనేవాడిలా పడవంతా పిడితో తట్టుకుంటూ పోయాడు. టకటకమన్న చోట వదిలేశాడు. మొద్దుగా పలికిన చోట సుద్దముక్కతో గీశాడు. తెరచాప కొయ్య దగ్గర బోల్టుల సందుల్లోంచి నీళ్లు దిగి, రెండు ఫైబరు పొరల మధ్య చెక్క కుళ్లిందట. పై పొర కోసి చూపించాడు. చెక్క తడి బెల్లంలా చేతికొచ్చింది.

"ఎన్ని దినాలు నీళ్లు పోసిన్రన్నా?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"నేనేం పొయ్యలేదు" అన్నాను. పక్కనే నా గోనెలు ఆరుతున్నాయి.

వాటిని చూసి, సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. సాయంత్రం ఆఫీసరు వచ్చి ఇంత తడి ఎక్కడిదని అడిగితే, "పాత నీళ్లే సార్, శానా ఏండ్ల సంది దిగినయ్" అన్నాడు. నా పరువు నిలబెట్టాడు. తిట్టి ఉంటే హాయిగా తిరిగి తిట్టేవాణ్ణి.

కుళ్లిందంతా చెక్కేసి మూడు వారాలు ఎండలో ఆరబెట్టాడు. కొత్త ప్లైవుడ్ కోసి అమర్చే పని నాకే ఇచ్చాడు, అదీ దయ చూపించడమే అనిపించింది. దాని మీద ఫైబరు గుడ్డ పరిచి రెసిన్ జిగురు పూశాడు. పాత బోల్టు రంధ్రాలు పూడ్చి మళ్లీ తొలిచాడు. ఇరానీ చాయ్ వస్తే మొదటి కప్పు ఇప్పుడు అతనికే. ఆఫీసరు ఏదడిగినా అతన్నే. ఆ పడవ కారిపోవాలని రోజూ కోరుకున్నాను.

నీళ్లలోకి దింపిన రోజు ఆఫీసరు మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. ఫైబరు పని అతను భయంతో నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. నేను దోసిళ్లతో చెరువు నీళ్లు తీసి బోల్టుల మీద పోశాను. తర్వాత పై తట్టు కింద చెయ్యి పెట్టి తడిమాను, ఎక్కడైనా తడి తగలకపోతుందా అని.

"ఏమన్న తడి ఉన్నదా అన్నా?" అని అడిగాడు. "పడవల సంగతి మీకే ఎరుక."

ఆ మాటలో ఎగతాళి వెతికాను. దొరకలేదు. లేదు అన్న ఆ చిన్న మాట నా నోరు దాటేసరికి, పడవ హుస్సేన్‌సాగర్ సగం దాటింది.