కుండ పెట్టిన చోటు

నా చిన్నప్పుడు డోర్నకల్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కోత మిషన్ ఉండేది. పెద్ద బల్ల, దాని కింద మోటారు, బల్ల మధ్య చీలికలోంచి పైకి కనిపించే గుండ్రటి రంపం. చెక్క పక్కకు జరగకుండా ఆనించడానికి బల్ల మీద ఒక అడ్డపట్టీ. నన్ను మా బాపు ఆ షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. ఆడపిల్లనని కాదు, నాది తొందర బుద్ధి అని.

నేను ఏడో తరగతిలో ఉండగా బాపును మహబూబాబాద్ దవాఖానలో చేర్చారు. కడుపునొప్పి అన్నారు. అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో నేను, అవ్వ. అప్పటికే బాపు ఒక కొత్త ఇంటికి దర్వాజ, అంటే గుమ్మం చట్రం, చేసిస్తానని మాటిచ్చి ఉన్నాడు. దర్వాజ ఎత్తే ముహూర్తం ఇంకా మూడు రోజులే ఉంది. అది తప్పితే బాపుకు ఊళ్లో ఎవరూ పని ఇవ్వరని నాకు భయం పట్టుకుంది.

ఆ పని పూర్తి చేయడానికి బాపు అన్న, జనగామలో వడ్రంగం చేసే మా పెద్దబాపు వచ్చాడు. ఆయన నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది. కొలిచిందే కొలిచేవాడు, పెన్సిలు చెక్కడానికే పావుగంట తీసుకునేవాడు. ఆ మధ్యాహ్నం ఆయన చాయ్ తాగడానికి వెళ్లగానే నేను షెడ్డులోకి దూరాను. అడ్డపట్టీని కంటి అందాజుతో జరిపి, దర్వాజ చెక్కను బల్ల మీద పెట్టి, స్విచ్ వేశాను. చెక్క రంపానికి తగలబోతుండగా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి స్విచ్ ఆపేసింది.

పెద్దబాపు కొట్టలేదు, తిట్టలేదు. టేపు తీసి అడ్డపట్టీని రెండు కొసలా కొలిచాడు. నా వైపు కంటే అవతలి కొస రంపానికి అగ్గిపుల్ల మందం దగ్గరగా ఉంది. "పెరట్ల నీళ్ల కుండ పట్కరా, బిడ్డా" అన్నాడు.

నీళ్లు చెట్లకు పోసి తెచ్చాను. నేను నిలబడ్డ చోటే ఒక స్టూలు వేసి, దాని మీద కుండ పెట్టాడు. సరిగ్గా నా పొట్ట ఎత్తున ఉంది. నన్ను గుమ్మం బయటికి పంపి, దర్వాజ చెక్క తీసేసి ఒక పనికిరాని చెక్క పెట్టాడు. అడ్డపట్టీని మాత్రం నేను పెట్టినట్టే ఉంచాడు. తాను బాగా పక్కకు నిలబడి, పొడవాటి కట్టెతో చెక్కను తోశాడు. అది సగం తెగి, పట్టీకి రంపానికి మధ్య ఇరుక్కుంది. మరుక్షణం ఎదురు తన్ని వెనక్కి ఎగిరింది. కుండ ముక్కలు గుమ్మం దాకా వచ్చి పడ్డాయి.

ఎందుకు తట్టిందో తెలియదు గానీ, ఒక్కటే అడిగాను.

"బాపు గా కుండ కాడనే నిలబడ్డడా?"

పెద్దబాపు మోటారు ఆపాడు. "గక్కడనే, బిడ్డా. నువ్వు భయపడ్తవని కడుపునొప్పి అని చెప్పినం" అన్నాడు. ఆ కుండ పెంకుల మధ్యే కూర్చుని ఏడ్చాను.

ఏడుపు ఆగాక నా చేతికి టేపు ఇచ్చాడు. ఆయన స్విచ్ ముట్టనివ్వలేదు, గీతలు మాత్రం నాతోనే గీయించాడు. అడ్డపట్టీ కొలత రెండు కొసలా ఒకటే రావాలి. రంపం పళ్లు చెక్క మీదికి కొంచెమే కనిపించాలి. చివరి జానెడు చెక్కను చేత్తో కాదు, కట్టెతో తోయాలి. "గీత మీద కోయొద్దు, గీత అవతల కోయాలె. రంపం గూడ జరంత తింటది గదా" అన్నాడు. నేను ఒక గీత రెండుసార్లు కొలిచి ఊరుకుంటే, మూడోసారి కొలవమన్నాడు. ఈసారి ఒళ్లు మండలేదు.

దర్వాజ ముహూర్తానికే లేచింది. మూలల్లో కాగితం కూడా దూరనంత బిగువుగా కుదిరింది. కుండ ఏదని అవ్వ అడిగితే, తన చెయ్యి తగిలి పగిలిందని పెద్దబాపు చెప్పి, ఊరికి వెళ్లేదాకా ఆమె తిట్లు తిన్నాడు. బాపు నెల తర్వాత ఇంటికొచ్చాడు. మళ్లీ బరువులు ఎత్తలేకపోయాడు. గీతలు నేను గీశానని తెలిసి, ఆ ఇంటికి నడిచి వెళ్లి దర్వాజ మూలలు వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాత షెడ్డులోకి రావద్దని నాతో ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు మహబూబాబాద్‌లో మాకే ఒక కోత దుకాణం ఉంది. రంపం మీద మూత, ఎర్ర బటన్ ఉన్న కొత్త మిషన్లు వచ్చాయి. అయినా కొత్తగా పనికి వచ్చిన వాళ్లకు మొదట కుండే చూపిస్తాను. నా కొడుకు గొణుగుతాడు, గొణగనీ. నేను మిషన్ ముందుకు వెళ్తే, మోటారు ఆగి ఉన్నా సరే, నా కాళ్లు వాటంతట అవే పక్కకు జరుగుతాయి. చెక్కకు ఎదురుగా ఉండేది మా బాపు నిలబడ్డ చోటు. ఆ రోజు తర్వాత ఇన్నేళ్లలో అక్కడ నేను ఒక్కసారి కూడా నిలబడలేదు.