రిమాయ్ మీది మట్టి

కర్వా మగ్గం ముందు కూర్చుందంటే పక్కింటికి నిప్పంటుకున్నా లేవదని మా ఊళ్ళో అనేవారు. కానీ మొగుడు పాదరసం గని నుంచి రెండోసారి తిరిగొచ్చిన రోజున లేచింది. లేచి, గుమ్మంలో నిలబడ్డ ముసలి మనిషిని చూసి, "ఎవరు కావాలయ్యా?" అని అడిగింది.

"నాలుగు నెలలకే మొగుణ్ణి మరిచిపోయావా? మంచి పెళ్ళానివే!" అని రిమాయ్ నవ్వాడు. నోట్లో ముందుపళ్ళు లేవు.

స్పెయిన్ రాజుగారి గనికి ప్రతి ఊరూ వంతులవారీగా మగవాళ్ళను పంపాలి. పంపినవాళ్ళంతా తిరిగి రారు. వచ్చిన రిమాయ్‌కి పాదరసం విషానికి చేతుల వణుకు పట్టుకుంది. మొక్కజొన్న కల్లు ముంత అందిస్తే సగం ఒళ్ళోనే ఒలికేది.

ఒకనాడు అతను నవ్వకుండా అన్నాడు. "నెలల తరబడి మట్టికిందే బతికానే. చచ్చాక మళ్ళీ అక్కడే పెట్టకు. పైన గుహలో మా తాత పక్కన కూర్చోబెట్టు."

"అలాగే. నాదీ పూచీ," అంది కర్వా.

మా చనిపోయినవాళ్ళు గుహలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. ఏటేటా కొత్తబట్ట కప్పుతాం, కల్లు పోస్తాం, కబుర్లు చెబుతాం. మట్టికింద పడుకోబెడితే వాళ్ళకు ఊపిరాడదు, ఆకలి తీరదు. స్పెయిన్ దొరలు వచ్చి, ఊరిని కొండ మీంచి దించి తమ దేవుడి గుడిగంట వినబడే చోట కట్టించారు. శవాలను గుడి నేలలోనే పాతాలన్నారు. మనిషిని పాతిపెట్టి, ఆ పైనే నడుస్తూ మొక్కడం ఏం మర్యాదో వాళ్ళకే తెలియాలి.

రిమాయ్ పోయాడు. పాదిరి దగ్గరుండి గుడిలో పాతించాడు. ఆయన చేతికింద ఐదు ఊళ్ళు. కోతల రోజుల్లో మరో ఊరికి వెళ్ళాడు. ఆ మర్నాడే పట్టపగలు, జనమంతా చేలల్లో ఉండగా, కర్వా, ఆమె మరిది కప్చా కలిసి శవాన్ని పైకి తీశారు. తను నేసిన ఉన్నిబట్టలో చుట్టి, గుహలో తాత పక్కన కూర్చోబెట్టింది. ఏడాదిపాటు కంటినిండా నిద్రపోయింది.

వానలకు గుడిలో ఆ చోట నేల కుంగింది. పాదిరి తవ్విస్తే గుంట ఖాళీ. విచారణకు పెద్ద దొర దిగాడు. మూడు రోజుల్లో శవం రాకపోతే కొండలో ప్రతి గుహా వెతికి, దొరికిన మా పెద్దల శవాలన్నిటినీ తగలబెడతానన్నాడు. ఉత్తిమాట కాదు. అవతలి లోయలో ఆ పొగ లేవడం అంతకుముందు నెల మేమంతా చూశాం.

"వదినా, నువ్వు నోరు మెదపకు. కొండలో ఎన్ని గుహల్లేవు! ఎక్కడని వెతుకుతాడు?" అన్నాడు కప్చా.

"దొరికితే ఆయనొక్కడే కాదు కప్చా. మీ తాత, ముత్తాత, అందరూ బూడిదే."

మూడోరోజు పొద్దున్నే గుహకెళ్ళి రిమాయ్ ఎదుట కూర్చుంది. "మాట తప్పుతున్నాను. తిట్టుకో, పడతాను," అని ఏడ్చింది. తర్వాత అతన్ని వీపుకు కట్టుకుని, గుహ జాడ తెలియకుండా ఏటి వైపు నుంచి చుట్టు తిరిగి దిగింది. ఊరంతా వాకిళ్ళలో నిలబడి చూసింది.

"ఎక్కడ దాచావు?" అన్నాడు దొర.

"ఏటి ఒడ్డున, బండ కింద."

"ఎందుకు తీశావు?"

"మట్టి బరువు కదయ్యా. జాలేసింది."

గుమాస్తా దాన్ని విగ్రహారాధన అని రాసుకున్నాడు. దొర ఆమెకు గుండు కొట్టించి, బతికినన్నాళ్ళూ గుడి ఊడ్చమని శిక్ష వేశాడు. కొండ జోలికి పోకుండా వెళ్ళిపోయాడు. రిమాయ్‌ని మళ్ళీ పాతి, పైన మట్టిని దిమ్మిసతో కొట్టారు. ప్రతి దెబ్బా కర్వా గుండెల మీదే పడింది.

మర్నాటి నుంచి చీపురు పట్టింది. ఊడ్చిన దుమ్ముతో పాటు రిమాయ్ మీంచి ఒక్క గుప్పెడు మట్టి గీరి, కొంగులో పోసుకుని, ఇంటి వెనక చేలో చల్లేది. రోజుకు ఒక్క గుప్పెడే. జ్వరమొచ్చినా మానలేదు.

పదకొండేళ్ళకు కొత్త పాదిరి వచ్చాడు. బలిపీఠం వైపు నడుస్తూ పల్లంలో కాలుపడి తూలాడు.

"ఏమ్మా, ఇక్కడ నేల ఇంత కుంగిందేం?"

"ఏమో తండ్రీ. ఇన్నేళ్ళుగా ఊడుస్తున్నాను, అరిగిందేమో!"

"ఎంత భక్తి తల్లీ నీది!" అని మెచ్చుకుని ఆయన వెళ్ళాడు.

కర్వా ఆ పూట రెండు గుప్పిళ్ళు తీసింది.